దీర్ఘకాల ఒప్పందమా, పోటీకొక ఒప్పందమా: ప్రొఫెషనల్ బాక్సర్‌కు ఏది మేలు?

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు తెలుగు ఇళ్ళలో బాక్సింగ్ నేర్చుకునే పిల్లవాడు కాస్త పైకి వస్తే, పెద్దవాళ్ళు ముందుగా తలచుకునేది విశాఖపట్నంలో శిక్షణ గురించి, ఆ తర్వాత స్పోర్ట్స్ కోటాలో రైల్వే ఉద్యోగమో సైన్యంలో కొలువో గురించి. ప్రొఫెషనల్ బాక్సింగ్ వైపు మళ్ళాలంటే మాత్రం ప్రమోటరుతో ఒప్పందం తప్పదు. ఆ కాగితం ఇంగ్లీషులో ఉంటుంది. కొడుకు బడిలో చదివినది ఒడియా, తండ్రికి వచ్చినది తెలుగు. ఇద్దరికీ సులువుగా అర్థమయ్యేది బయానా అంకె ఒక్కటే కాబట్టి, సంతకం కూడా దాన్ని చూసే పడిపోతుంది.

ప్రమోటరు చేసే పని చిన్నదేమీ కాదు. హాలు అద్దె, ప్రత్యర్థి పారితోషికం, టికెట్ల అమ్మకం, ప్రసార హక్కుల బేరం అన్నీ అతడి నెత్తినే ఉంటాయి, నష్టం వచ్చినా మొదట అతడికే వస్తుంది. అందుకు ప్రతిగా, కొన్నేళ్ళపాటు తనకు తప్ప మరెవరికీ ఆడకూడదని అడుగుతాడు. ఈ పద్ధతి బాగా నడిస్తే ఏమవుతుందో అమెరికా బాక్సరు టెరెన్స్ క్రాఫర్డ్ జీవితంలో కనిపిస్తుంది. 2011లో టాప్ ర్యాంక్ అనే ప్రమోటరు సంస్థలో చేరిన అతడు 2014లో ప్రపంచ టైటిల్ గెలిచి, బాక్సింగ్ కేంద్రంగా ఎన్నడూ పేరులేని తన సొంత ఊరు ఒమాహాలోనే అదే ఏడు టైటిల్ నిలబెట్టుకున్నాడు. చిన్న ఊరి ఆటగాడికి తన ఊళ్ళోనే జనాన్ని కూడగట్టడమన్నది పోటీకొక ఒప్పందంతో దాదాపు అసాధ్యం. కానీ అతడికి అన్నిటికన్నా పెద్ద ప్రత్యర్థి ఎరోల్ స్పెన్స్ మరో శిబిరంలో ఉన్నాడు. ఆ పోటీ క్రాఫర్డ్ 2021లో టాప్ ర్యాంక్‌ను వదిలిన తర్వాత, 2023 జూలైలో జరిగింది; అప్పటికి అతడికి 35 ఏళ్ళు.

మరో అమెరికా బాక్సరు మైకీ గార్సియా అనుభవం ఇంకా కటువైనది. ప్రమోటరుతో ఒప్పంద వివాదం వల్ల 2014 జనవరి నుంచి 2016 జూలై వరకు అతడు బరిలోకే దిగలేదు. 26 ఏళ్ళ నుంచి 28 ఏళ్ళ వరకు, అంటే బాక్సరు శరీరం నిండుగా పనిచేసే కాలం, ఖాళీగా పోయింది. క్రికెటరుకు ఒక సీజన్ పోతే మరో సీజన్ ఉంటుందేమో గానీ, ఈ ఆటలో పోయిన రెండేళ్ళను ఎవరూ తిరిగి ఇవ్వరు. గాయమైనప్పుడు గడువు గడియారం ఆగిపోతుందనీ, టైటిల్ గెలిస్తే ఒప్పందం గడువు దానంతటదే పెరుగుతుందనీ రాసే షరతులు సామాన్యం. మూడేళ్ళని సంతకం చేసినది అయిదేళ్ళయ్యేది అలాగే.

ఇక పోటీకొక ఒప్పందం. దీనికి అందరూ చూపే ఉదాహరణ ఫ్లాయిడ్ మేవెదర్. 2006లో 7,50,000 డాలర్లు చెల్లించి టాప్ ర్యాంక్ నుంచి బయటపడిన అతడు 2007లో డి లా హోయాతోనూ, 2015లో పాకియావోతోనూ ఆడి అపారంగా సంపాదించాడు. అయితే ఆ స్వేచ్ఛను కొనడానికి ముందు పదేళ్ళు అదే ప్రమోటరు నీడలో పేరు పెంచుకున్నాడన్న సంగతిని ఆ ఉదాహరణ చెప్పేవారు మరచిపోతారు. పేరులేని కుర్రవాడికి స్వేచ్ఛ అంటే, ప్రమోటరు సొంత బాక్సరును గెలిపించుకునే పోటీకి వారం ముందు పిలుపు రావడం, శిక్షణ ఖర్చు తానే భరించి వెళ్ళడం, ఓడి వస్తే తర్వాతి పారితోషికం ఇంకా తగ్గడం.

పారితోషికం అంకెను కూడా నమ్మకూడదు. న్యూయార్క్, కాలిఫోర్నియాల్లో, బాక్సరు తరఫున బేరాలు చూసే మేనేజరు వాటాకు గరిష్ఠ పరిమితి మూడోవంతు. శిక్షకుడికి పదోవంతు ఇవ్వడం ఆనవాయితీ. ఆ లెక్కన లక్ష రూపాయల్లో చేతికి మిగిలేది సుమారు 56,667, అదీ ప్రయాణం, వైద్యం కలపకముందు. బయానా కథ వేరు. గంజాం, గజపతి జిల్లాల్లో దాదన్ అంటే ఏమిటో ఎవరికీ వివరించనక్కరలేదు. ముందు చేతిలో పెట్టిన సొమ్ముకు మనిషి కట్టుబడిపోయే ఆ పద్ధతిని అదుపు చేయడానికే ఒడిశాలో 1975లో చట్టం వచ్చింది. ప్రమోటరు ఇచ్చేది బహుమానమా, రేపటి పారితోషికాల్లోంచి కోసుకునే అప్పా అన్నది ఒప్పందంలో తేటగా రాసి ఉండాలి.

చట్టం విషయంలో అమెరికా బాక్సరుకు కాస్త ఆసరా ఉంది. 2000లో వచ్చిన ముహమ్మద్ అలీ చట్టం ప్రకారం, ఫలానా ప్రత్యర్థితో ఆడాలంటే తన పోటీలు నడిపే హక్కులు ప్రమోటరుకు రాసివ్వాలని బలవంతపెట్టిన ఒప్పందాలు ఏడాదికి మించి చెల్లవు; పోటీపై తనకెంత వచ్చిందో ప్రమోటరు బాక్సరుకు తెలపాలి. మన దేశంలో బాక్సర్ల కోసం అలాంటి ప్రత్యేక చట్టం లేదు. ఉన్నది, ఎవరినీ తమ వృత్తి చేసుకోకుండా ఆపే ఒప్పందం చెల్లదనే, 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 27వ సెక్షన్. దాని ఆధారంగానే 2006లో క్రికెటరు జహీర్ ఖాన్ కేసులో, గడువు ముగిశాక కూడా ముందుగా పాత ఏజెన్సీకే అవకాశం ఇవ్వాలన్న షరతు చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది. కానీ గడువు నడుస్తుండగా ఆ సెక్షన్ పెద్దగా కాపాడదు, కాబట్టి గడువు ఎంతన్నదే ప్రాణం.

విజేందర్ సింగ్ 2015లో బ్రిటిష్ ప్రమోటరుతో ప్రొఫెషనల్‌గా మారేనాటికి అతడి చేతిలో ఒలింపిక్ పతకం ఉంది. బేరంలో అది వేరే బలం. అలాంటి బలం లేని మన కుర్రవాడికి నేను సూచించేది మూడో దారి: మొదట ఉద్యోగం వచ్చేదాకా అమెచ్యూర్‌గా ఆడడం, ఆ తర్వాత యజమాని అనుమతి తీసుకుని, ఏడాది లేదా మూడు పోటీలు, ఏది ముందైతే అది అన్న గడువుతో, గడువు దానంతటదే పెరిగే షరతు లేని ఒప్పందం చేసుకోవడం. ప్రమోటరు ఇవన్నీ ఒప్పుకోడు. బేరంలో కొన్ని వదలాలి. బయానా తగ్గినా సరే, వాటా కాస్త అతడికే మొగ్గినా సరే, ఏడాదికి ఇన్ని పోటీలు ఇప్పించకపోతే ఒప్పందం రద్దవుతుందన్న వాక్యం లేకుండా మాత్రం సంతకం చేయకూడదు.