బోరిస్ అనే జపాన్ బ్యాండ్: పన్నెండేళ్లు విన్నాక నా రివ్యూ

ముందే చెప్తున్నా, ఇది ఒక్క ఆల్బం రివ్యూ కాదు, బ్యాండ్ మొత్తం మీద రివ్యూ. పన్నెండేళ్ల నుంచి వింటున్నా, ఇప్పటికీ వారంలో రెండు మూడు రాత్రులు వీళ్లదే ఏదో ఒకటి పెట్టుకుంటా, కాబట్టి నాలుగు పాటలు విని రాస్తున్నది కాదు.

తెలియని వాళ్ల కోసం కొంచెం. 1992లో టోక్యోలో మొదలైన రాక్ బ్యాండ్ ఇది. మెల్విన్స్ అనే అమెరికన్ బ్యాండ్ 1991 ఆల్బంలో బోరిస్ అని ఒక పాట ఉంది, దాని పేరే వీళ్లు పెట్టుకున్నారు. మొదట్లో నలుగురు, 1996లో డ్రమ్మర్ వెళ్లిపోతే అప్పటిదాకా పాడుతూ ఉన్న అట్సువో డ్రమ్స్ మీద కూర్చున్నాడు. అప్పట్నుంచి అట్సువో, వాటా, టకేషి, ఈ ముగ్గురే. లీడ్ గిటార్ వాటాది, స్టేజి మీద ఆవిడ పెద్దగా కదలకుండా నిలబడే వాయిస్తుంది. టకేషి దగ్గర డబుల్ నెక్ గిటార్ ఉంటుంది, అంటే ఒకే గిటార్‌కి తీగలు బిగించిన రెండు పొడుగు కర్రలు, ఒకటి కింది స్వరాలు పలికే బేస్, ఇంకోటి మామూలు గిటార్, ఉన్నది ముగ్గురే కాబట్టి రెండు పనులూ ఆయనే చూసుకుంటాడు.

నేను అందరిలాగే పింక్ ఆల్బంతో మొదలుపెట్టా. జపాన్‌లో 2005లో, అమెరికాలో 2006లో వచ్చింది, బయటి దేశాల్లో వీళ్ల పేరు ఎక్కువమందికి తెలిసింది దాంతోనే. ఫ్రెండ్ పెన్‌డ్రైవ్‌లో వేసిస్తే లాప్‌టాప్ స్పీకర్ల మీద విన్నా, అంతా ఒకటే బురదలా కలిసిపోయి వినపడింది, నచ్చలేదు, పక్కన పడేశా. ఏడాది తర్వాత సెకండ్ హ్యాండ్‌లో ఒక పాత ఆంప్లిఫయరు, రెండు పెద్ద స్పీకర్లు కొన్నాక మళ్లీ పెట్టా. మొదటి పాట మెల్లగా, మబ్బు కమ్ముకొచ్చినట్టు వస్తుంది, ఆ గిటార్ ఒక్కసారి నిండుగా దిగేసరికి గూట్లో స్టీలు డబ్బా మూత సన్నగా రొద పెట్టడం మొదలైంది, నేను లేచి మూత తీసి పక్కన పెట్టి మళ్లీ మొదట్నుంచి పెట్టుకున్నా. వీళ్లని తక్కువ సౌండులో వింటే సగం కూడా విన్నట్టు కాదని ఆ రోజే అర్థమైంది.

తర్వాత వెనక్కి వెళ్లా. 1996 నాటి అబ్సొల్యూటెగో మొత్తం ఒకే ట్రాక్, సుమారు గంట. 2000లో వచ్చిన ఫ్లడ్ నాలుగు భాగాలు కలిపి 70 నిమిషాలు, దాని మొదట్లో చిన్న గిటార్ ముక్క ఒకటి తిరిగి తిరిగి వస్తూ ఉంటుంది. కానీ నేను నిజంగా పడిపోయింది మాత్రం 2003లో వచ్చిన ఫీడ్‌బ్యాకర్‌కి. ఐదు భాగాలు, 43 నిమిషాలు, మధ్యలో ఎక్కడా ఆపకూడదు. పేరులోనే ఉంది విషయం. ఫీడ్‌బ్యాక్ అంటే, ఆంప్‌లోంచి, అదే గిటార్ సౌండు పెంచే ఆంప్లిఫయర్లోంచి, వచ్చిన సౌండ్ మళ్లీ గిటార్ తీగని కదిలిస్తే తీగ దానంతటదే మోగుతూ ఉంటుంది, వాయించేవాళ్లు తీగ మీటక్కర్లేదు, ఆంప్‌కి ఎంత దూరంలో నిలబడ్డారు, గిటార్ ఎటు తిప్పారు అన్న దాన్ని బట్టి స్వరం మారుతుంది. మొదటి భాగమంతా ఆ మోతే. మన ఇళ్లల్లో కచేరీకి ముందు తంబురా శ్రుతి చేసుకునేటప్పుడు ఆ ఝుం అనే నాదంలో చెవి పెడితే లోపల ఇంకో నాలుగు స్వరాలు వినపడతాయి చూడండి, అచ్చం అలాంటిదే ఇక్కడా జరుగుతుంది, కాకపోతే తంబురా బదులు గోడంత ఆంప్‌లు. అట్సువో డ్రమ్స్ వచ్చేదాకా ఓపిక పట్టిన వాళ్లకి రెండో భాగంలో ఆ గిటార్ ఎంత తియ్యగా ఉంటుందో మాటల్లో చెప్పలేను.

ఇంకొకటి చెప్పాలి, డ్రోనీవిల్. 2005లో వచ్చింది, రెండు డిస్కులు, రెండూ ఒకేసారి వేరువేరు ప్లేయర్లలో వెయ్యాలి. నేను ఒకటి స్పీకర్ల మీద, ఇంకోటి గదిలో అవతలి మూల ఫోన్‌కి చిన్న స్పీకర్ పెట్టి వేస్తా, చేత్తో ఒకేసారి నొక్కలేం కదా, ప్రతిసారీ అర సెకనో సెకనో తేడా వస్తుంది, ఆ తేడాతో ప్రతిసారీ కొత్తగా ఉంటుంది. మంచం మీద కూర్చుంటే ఒకలా, తలుపు దగ్గర నిలబడితే ఇంకోలా. మెర్జ్‌బౌ పేరుతో నాయిస్, అంటే రాగం తాళం లేకుండా ఉత్త రొదతోనే సంగీతం, చేసే మసామి అకితాతో కలిసి 2016లో చేసిన గెన్షో కూడా ఇదే పద్ధతి, వీళ్ల డిస్క్ ఒకటి, ఆయన డిస్క్ ఒకటి, కలిపి వేసుకోవచ్చు. అందులో వీళ్లు తమ పాత పాటల్నే డ్రమ్స్ లేకుండా మళ్లీ వాయించారు, డ్రమ్స్ తీసేస్తే వీళ్ల సంగీతంలో ఏం మిగులుతుందో వినాలంటే అదే వినండి.

ఇంక 2011 గురించి. ఆ ఒక్క ఏడాదిలో మూడు ఆల్బంలు, న్యూ ఆల్బం, అటెన్షన్ ప్లీజ్, ఇంకో హెవీ రాక్స్. 2002లోనే ఆరెంజ్ అట్టతో ఒక హెవీ రాక్స్ ఉంది, 2022లో అదే పేరుతో మూడోది కూడా వచ్చింది, పేరు ఒకటే గానీ పాటలు వేరు. న్యూ ఆల్బం విన్నప్పుడు నాకు చాలా బాధేసింది, మెరుపు మెరుపుగా పాప్ సౌండ్, అడుగున ఉండాల్సిన ఆ మోత తీసేసినట్టు ఉంది. ఇప్పటికీ నా అభిప్రాయం అదే. అటెన్షన్ ప్లీజ్ మీద మాత్రం మనసు మార్చుకున్నా, అందులో అన్ని పాటలూ వాటానే పాడింది, చెవి దగ్గర చెప్పినట్టు మెల్లగా పాడుతుంది, ఆ మెల్లదనం వెనక గిటార్ ఆగకుండా సాగుతూనే ఉంటుంది, అది పట్టుకోవడానికి నాకు నాలుగైదేళ్లు పట్టింది. నిజానికి ఆ గొంతు 2006లోనే ఉంది, మిచియో కురిహారా అనే గిటారిస్టుతో కలిసి చేసిన రెయిన్‌బో ఆల్బంలో టైటిల్ పాట ఆవిడదే, దాంట్లో కురిహారా గిటార్ సోలో మంచి గుడ్డని పర్రున చింపినట్టు వస్తుంది, ఒళ్లు ఝల్లుమంటుంది.

ఒక ఇబ్బంది కూడా చెప్పాలి. ఒకే ఆల్బం జపాన్‌లో ఒక మిక్స్, బయట ఇంకో మిక్స్ వస్తూ ఉంటాయి, అంటే గొంతు, గిటార్, డ్రమ్స్ ఏది ఎంత వినపడాలో ఒక్కోదాంట్లో ఒక్కోలా కలుపుతారు. 2008 నాటి స్మైల్ అలాంటిదే. నేను ఒకటి, నా ఫ్రెండ్ ఇంకోటి విని ఒక సాయంత్రమంతా ఒకే పాట గురించి వాదించుకున్నాం, తీరా చూస్తే ఇద్దరం విన్నవి వేరువేరు. కొనేముందు ఏ దేశం ఎడిషనో చూసుకోండి.

2017లో డియర్ మళ్లీ బరువుగా, నెమ్మదిగా వచ్చింది. 2020 జూలైలో, కరోనాతో కచేరీలన్నీ ఆగిపోయిన టైములో, నో అని ఒక ఆల్బం సొంతంగా విడుదల చేశారు, మొదట్లో కాస్త నెమ్మదిగా ఉన్నా తర్వాత అంతా స్పీడు, అరుపులు. 2022 జనవరిలో డబ్ల్యూ వచ్చింది, మళ్లీ వాటా గొంతే, నీళ్లలా సాగే సౌండ్. రెండు పేర్లూ ఇంగ్లీషులో పక్కపక్కన పెడితే నౌ అవుతుంది, అంటే ఇప్పుడు. ఆ రెండూ నేను లాక్‌డౌన్ నాటి గదిలోనే, అవే స్పీకర్ల మీద, ఒకదాని తర్వాత ఒకటి వింటా, నో అయిపోయాక చెవులు ఇంకా గుయ్‌మంటూ ఉండగానే డబ్ల్యూ మొదలెట్టాలి, ఆ గుయ్‌మనే దాంట్లోంచే వాటా గొంతు లేచినట్టు ఉంటుంది.

కొత్తగా మొదలుపెట్టే వాళ్లకి నేనైతే పింక్ ఇస్తా, అది నచ్చితే ఫీడ్‌బ్యాకర్, ఆ 43 నిమిషాలు ఫోన్ పక్కన పెట్టేసి వినండి. డ్రోనీవిల్ మాత్రం ఇంట్లో వాళ్లు ఊరెళ్లినప్పుడు పెట్టుకోండి, గూట్లో డబ్బాల మూతలు ముందే తీసి పెట్టండి.