ఇంటెల్ ఎక్స్520-డీఏ2: కెమెరా డేటాకు 10 గిగాబిట్ కార్డు, చాలాకాలం వాడాక

సర్వర్ల నుంచి తీసిన సెకండ్ హ్యాండ్ ఎక్స్520-డీఏ2 నెట్‌వర్క్ కార్డు గిగ్ఈ విజన్ కెమెరాలకు (నెట్‌వర్క్ కేబుల్ మీద చిత్రాలు పంపే పారిశ్రామిక కెమెరాలకు) ఇప్పటికీ బాగానే సరిపోతుంది. దీన్ని నడిపే ఐఎక్స్‌జీబీఈ డ్రైవర్ లినక్స్ కెర్నల్‌తోనే వస్తుంది, పెట్టగానే లింకు వచ్చేస్తుంది. కానీ లింకు 10 జీబీపీఎస్ చూపించడం వేరు, ఆ వేగంలో ఒక్క ప్యాకెట్టూ పోకుండా డిస్కు దాకా చేరడం వేరు. పోయేవి చాలావరకు కార్డు తప్పు వల్ల కాదు, దానికి ముందో వెనకో పోతాయి.

ముందు స్లాటు చూడండి. ఇది పీసీఐఈ 2.0, 8 లేన్ల (డేటా దారుల) కార్డు. మామూలు డెస్క్‌టాప్ బోర్డుల్లో రెండో పొడుగు స్లాటుకు తరచూ 4 లేన్లే కలిపి ఉంటాయి. అంటే 16 జీబీపీఎస్: ఒక పోర్టుకు చాలు, రెండూ నిండుగా నడిస్తే చాలదు. లినక్స్‌లో ఎల్ఎస్‌పీసీఐ కమాండ్‌తో లింక్ స్టేటస్ చూస్తే బయటపడుతుంది. హీట్‌సింక్‌కు ఫ్యాన్ లేదు, సర్వర్‌లో వీచే గాలిని నమ్ముకుని చేసినది. టవర్ కేబినెట్‌లో పెడితే చిన్న ఫ్యాన్ తప్పదు. గుర్తించని ఎస్ఎఫ్‌పీ ప్లస్ మాడ్యూల్‌ను (పోర్టులో దూర్చే కేబుల్ కనెక్టర్‌ను) డ్రైవర్ ఒప్పుకోదు, దానికి డ్రైవర్‌లో విడిగా పారామీటర్ ఇవ్వాలి. 2, 3 మీటర్ల దూరానికైతే డీఏసీ కేబులే (రెండు కొసలా మాడ్యూల్ బిగించి వచ్చే రాగి కేబుల్) హాయి.

జంబో ఫ్రేములతో (మామూలు 1500 బైట్లకు బదులు 9000 బైట్ల ప్యాకెట్లతో) బ్యాండ్‌విడ్త్ బాగా పెరుగుతుందనుకుంటారు. నిజానికి యూడీపీ పేలోడ్ (కెమెరాలు వాడే ప్రోటోకాల్ మోసే అసలు డేటా) 9.57 నుంచి 9.93 జీబీపీఎస్‌కు పెరుగుతుంది, అంతే. లాభమంతా ప్యాకెట్ల సంఖ్యలో ఉంది: సెకనుకు 8.12 లక్షలు కాస్తా 1.38 లక్షలవుతాయి. ఒక కెమెరా అంటే ఒక ఫ్లో (ఒకే ప్యాకెట్ల ధార), కార్డులో ఒక క్యూ, సీపీయూలో ఒక కోర్. ఎన్ని కోర్లున్నా మోసేది ఆ ఒక్కటే. మధ్యలో స్విచ్ ఉంటే దాని ఎంటీయూ (ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం) కూడా పెంచి, ఫ్రాగ్మెంట్ కాని పింగ్‌ను 8972 బైట్లతో (హెడర్లు 28 కలిపితే 9000) కొట్టి చూడాలి.

ఇక బఫర్లు. ఆర్ఎక్స్ రింగ్ (వచ్చిన ప్యాకెట్లు ముందుగా ఆగే వరుస) డీఫాల్ట్ 512 ప్యాకెట్లు. 1500 ఎంటీయూతో లైన్ రేటులో (పూర్తి 10 జీబీపీఎస్‌లో) అది 0.63 మిల్లీసెకన్లకే నిండుతుంది. ఈథ్‌టూల్ కమాండ్‌తో 4096 చేస్తే 5 మిల్లీసెకన్లు ఆగుతుంది. సాకెట్ బఫర్ (ప్రోగ్రామ్ చదివేదాకా డేటా ఆగే చోటు) గరిష్ఠం చాలా కెర్నళ్లలో 212992 బైట్లు, అంటే 0.2 మిల్లీసెకన్ల డేటా కూడా పట్టదు. దాన్ని 64 ఎంబీ చేయండి. అయితే పరిమితి పెంచితే సరిపోదు, ప్రోగ్రామ్ కూడా అంత బఫర్ అడగాలి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

అన్నిటికన్నా ఎక్కువ తిప్పలు పెట్టేది రెండు కెమెరాలు, ఒక స్విచ్, ఒకే అప్‌లింక్ (స్విచ్ నుంచి కంప్యూటర్‌కు వెళ్లే తీగ). సగటున ఒక్కోటి 4 జీబీపీఎస్ కాబట్టి లెక్క సరిపోయినట్టే ఉంటుంది. కానీ ఒకే ట్రిగ్గర్‌కు (ఫొటో తీయమనే సంకేతానికి) రెండూ చెరో 5 ఎంబీ చిత్రాన్ని పూర్తి 10 జీబీపీఎస్‌తో వదులుతాయి. ఆ 4 మిల్లీసెకన్లలో 10 ఎంబీ లోపలికొస్తే 5 ఎంబీయే బయటికెళ్తుంది, మిగతా 5 ఎంబీని స్విచ్ దాచుకోవాలి. చిన్న స్విచ్ బఫర్‌కు అది అసాధ్యం. కెమెరాలో ఇంటర్ ప్యాకెట్ డిలే (ప్యాకెట్ల మధ్య విరామం) పెట్టడమే మందు. 9000 ఎంటీయూ ప్యాకెట్‌కు తీగ మీద 7.23 మైక్రోసెకన్లు పడుతుంది, కాబట్టి 7.5 మైక్రోసెకన్ల విరామమిస్తే ఒక్కో కెమెరా 5 జీబీపీఎస్ లోపే ఉంటుంది. ఆ విలువను టైమ్‌స్టాంప్ టిక్కుల్లో (కెమెరా లోపలి గడియారపు లెక్కలో) ఇవ్వాలి, నానోసెకన్లలో అనుకోకండి. ముందు టిక్ ఫ్రీక్వెన్సీ చదవండి.

చిత్రాలన్నీ పూర్తిగా వస్తున్నాయని సంబరపడొద్దు, పోయిన ప్యాకెట్లను కెమెరా మళ్లీ పంపే రీసెండ్‌లు నష్టాన్ని కప్పేస్తాయి. రీసెండ్ కౌంట్‌తో పాటు మరో రెండు కౌంటర్లు చూడాలి. ఈథ్‌టూల్‌లో ఆర్ఎక్స్ మిస్డ్ ఎర్రర్స్ పెరిగితే హోస్ట్ వేగంగా తోడుకోవట్లేదు: స్లాటు, రింగ్, సీపీయూ నిద్రావస్థలు చూడండి. యూడీపీ రిసీవ్ బఫర్ ఎర్రర్స్ పెరిగితే ప్రోగ్రామే వెనకబడింది. రెండూ సున్నా అయినా ప్యాకెట్లు పోతున్నాయంటే స్విచ్ పోర్టు డ్రాప్‌లు చూడాలి.

డిస్కు సంగతి: నిండు లింకు సెకనుకు దాదాపు 1.2 జీబీ. సాటా ఎస్ఎస్‌డీ 550 ఎంబీ దగ్గరే ఆగుతుంది. చౌక ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ కూడా క్యాష్ (వేగంగా రాసే కొద్ది భాగం) నిండాక చతికిలబడుతుంది, కాబట్టి దాన్ని ఒక నిమిషం కాదు, సగం డ్రైవ్ నిండేదాకా రాయించి పరీక్షించండి.