మూడోసారి తెరిచిన పాత ఫైలు: ఒక మహిళా సహాయ కేంద్రం గురించి

మా చెల్లెలి భర్త నౌకాదళంలో సెయిలర్. రెండేళ్లలో మూడుసార్లు ఆమెను వెంటబెట్టుకుని విశాఖపట్నంలోని ఒక మహిళా సహాయ కేంద్రానికి వెళ్ళాను.

మొదటి రెండుసార్లూ అందింది సాయం అనిపించుకోదు. "దేశసేవ చేసే మనిషి, ఒత్తిడి ఉంటుంది, నువ్వే కాస్త సర్దుకోవాలమ్మా" అని నచ్చజెప్పి, తెల్లకాగితం మీద రాజీ రాయించి పంపేశారు. ఓడ సముద్రం మీద ఉన్నన్నాళ్ళూ ఇల్లు ప్రశాంతంగానే ఉంటుంది. ఆ ప్రశాంతతనే మనిషిలో వచ్చిన మార్పుగా లెక్కగట్టారు. సెయిల్ ముగిసి ఓడ జెట్టీకి చేరిన వారానికే ఆయన మళ్ళీ చేయి చేసుకున్నాడు.

మూడోసారి వేరే కౌన్సెలర్ ఉన్నారు. ఆవిడ మొదట అడిగిన మాట "ఇది ఎన్నోసారమ్మా?" అని. చెల్లెలు క్యాంటీన్ సంచిలోంచి ఓపీ చీటీలు తీసి బల్ల మీద పెట్టింది. మెట్ల మీద జారిపడ్డానని తానే అబద్ధం చెప్పి రాయించుకున్న చీటీ కూడా వాటిలో ఉంది. ఆవిడ వాటిని తేదీల వరుసలో పేర్చి, బీరువాలోని పాత రాజీ కాగితాలు తెప్పించి, మూడు ఘటనలనూ ఒకే నివేదికలో రాసి రక్షణాధికారికి, అంటే గృహహింస బాధితులకు సాయపడే ప్రభుత్వ అధికారికి, పంపారు. 2005 గృహహింస చట్టం కింద కోర్టు ఇచ్చే రక్షణ ఉత్తర్వును మీరితే ఏడాది వరకు జైలు గానీ, 20,000 రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ ఉంటాయని వివరించారు.

చెల్లెలి అసలు భయం వేరు: ఆయన ఉద్యోగం పోతుందని, క్వార్టర్స్ ఖాళీ చేయాల్సి వస్తుందని, పిల్లల చదువు ఆగిపోతుందని. ఆ చట్టం కింద కోర్టులో వేసే పిటిషన్ ప్రధానంగా రక్షణ కోసమే తప్ప శిక్ష కోసం కాదని, భార్యాబిడ్డల పోషణకు జీతంలో కోత విధించే వీలు 1957 నాటి నౌకాదళ చట్టంలోనే ఉందని విన్నాకే ఆమె సంతకం చేసింది.

అక్కడ కౌన్సెలింగ్ గదికి తలుపు లేకపోవడం పెద్ద లోపం. క్వార్టర్స్ కుటుంబాలన్నీ ఒకరికొకరు తెలిసినవే కనుక, వరండాలో కూర్చున్నవారి చెవిన ఒక్క మాట పడినా సాయంత్రానికి కాలనీ అంతా తెలుస్తుంది. హిందీ మాట్లాడేవారు లేకపోవడమూ ఇబ్బందే.

వెళ్ళేవారు ప్రతి ఘటన తేదీ, చీటీ వెంట తీసుకెళ్ళండి. అత్యవసరమైతే మహిళా హెల్ప్‌లైన్ 181కి గానీ అత్యవసర సేవల నంబరు 112కి గానీ ఫోన్ చేయండి.

ఓడ తిరిగి వచ్చాక కబురు చేయమని మాతో చెప్పారు. చెల్లెలు మరిచిపోయింది, వారే ఫోన్ చేసి అడిగారు.