మొదటి సిగార్‌కి ఏది మేలు: లంక చుట్టా, సిగారిల్లోనా, డొమినికనా, క్యూబాదా?

మా బ్యాచ్‌లో ఎవడికి పెళ్ళి కుదిరినా, ప్రమోషన్ వచ్చినా "అన్నా, ఈసారి సిగార్ కాలుద్దాం, ఏది తెమ్మంటావ్" అని అడుగుతానే ఉంటారు, అడిగినోడే మళ్ళీ "క్యూబాదే కదన్నా" అని జవాబు కూడా చెప్పేస్తాడు. నేనైతే మొదటిసారికి క్యూబా వద్దనే అంటా. అసలు ఏ పొగా అలవాటు లేనోళ్ళు దీని జోలికే రావొద్దు సామీ, పెద్ద సిగార్ ఒక్కదాంట్లోనే ప్యాకెట్ సిగరెట్లకి సరిపడా పొగాకు ఉండొచ్చు, పొగ లోపలికి పీల్చకపోయినా నోటి క్యాన్సర్, గొంతు క్యాన్సర్ రిస్క్ ఉండనే ఉంటాది.

చుట్ట కూడా సిగారే కదా అంటారు, నిజమే, బ్రిటిషోళ్ళ కాలంలో తిరుచ్చి చుట్టలు ఇంగ్లండ్ దాకా పోయినాయి. కానీ గోదావరి లంక పొగాకు ఘాటు మామూలుది కాదు. అలవాటు లేనోడు నాలుగు దమ్ములు లాగితే చెమట్లు పట్టి గమ్మున కూలబడతాడు. చవకైనా వద్దు.

సిగారిల్లో అంటే రేకు డబ్బాలో వచ్చే సన్నవి, మిషన్‌లో చేసినవి. కొస కోసే కట్టర్ అక్కర్లేదు, పది నిమిషాల్లో అయిపోతాది, అదొక్కటే లాభం. చాలావాటికి వెనిలానో చెర్రీనో ఫ్లేవర్ పూసుంటారు కాబట్టి పొగాకు రుచేందో తెలీదు, సన్నగా ఉంది కాబట్టి గబగబా లాగితే వేడెక్కి నాలుక మండుతాది, పైగా సైజు చూసి సిగరెట్ మాదిరి లోపలికి పీల్చేస్తారు.

ఇంక అసలు పోటీ డొమినికన్‌కీ క్యూబాకీ. డొమినికన్ రిపబ్లిక్‌వి అన్నీ మైల్డ్ అని కాదు గానీ, పైన చుట్టే ఆకు కనెక్టికట్ షేడ్ అయితే (గుడ్డ పందిళ్ళ కింద నీడలో పెంచుతారు, లేత గోధుమ రంగులో ఉంటాది) మెత్తగా, కమ్మగా ఉంటాది. మకనూడో కెఫే అనే బ్రాండ్ అట్లాంటిదే. క్యూబాలో మాంటెక్రిస్టో నెంబర్ 4 మంచిదే, ఎవురూ కాదనరు, కానీ కాస్త ఘాటు, రేటు ఎక్కువ, అన్నిటికీ మించి నకిలీల గోల. కోహిబా (ఇదీ క్యూబా బ్రాండే) అని గాజు మూత పెట్టెలో ఎవడన్నా చూపిస్తే అది దొంగ సరుకే, రేటు కూడా అడగొద్దు.

సైజు కూడా చూసుకోండి. మందం నెంబర్ అంటే అంగుళంలో 64వ వంతుల లెక్క: కరోనా అనే సైజు సుమారు 42, రొబస్టో అనేది 50. రొబస్టో ముక్కాలు గంట నుంచి గంట పడతాది, మొదటిసారి అంతసేపు కూర్చోలేరు. కరోనా కంటే పొట్టిగా ఉండే పెటీట్ కరోనా తీసుకోండి, అరగంటలో తేలిపోతాది.

మన తిరపతోళ్ళకి బ్రాండ్ కంటే పెద్ద సమస్య ఎండ. సిగార్‌కి 65 నుంచి 70 శాతం తేమ కావాల. చెన్నైలోనో బెంగళూరులోనో కొని, మే నెలలో కార్ డ్యాష్‌బోర్డ్ మీద పెట్టి తెచ్చినారంటే ఎంత ఖరీదుదైనా అప్పడమే. తేమ ప్యాకెట్ వేసిన జిప్ కవర్లో పెట్టి ఏసీ గాలి తగిలేచోట తెచ్చుకోండి, ఫ్రిజ్‌లో మాత్రం పెట్టొద్దు, ఇంకా ఎండిపోతాది. కొనేటప్పుడు రెండు వేళ్ళతో మెల్లగా నొక్కండి, నొక్కి వదిల్తే మళ్ళీ లేవాల, చిటచిటమంటే అక్కడే పెట్టేసి రండి. ఎండిపోయిన క్యూబా కంటే తాజా డొమినికన్ వెయ్యి రెట్లు మేలు, నా ఓటు దానికే.

కాల్చేముందు కడుపు నిండా తినండి. టోపీ వైపు (నోట్లో పెట్టుకునే మూసిన కొస) రెండు మిల్లీమీటర్లు కట్ చేస్తే చాలు. అగ్గిపుల్లో గ్యాస్ లైటరో వాడండి, పెట్రోల్ లైటర్ వాసన పట్టుకుంటాది. నిమిషానికి ఒక్క దమ్ము, నోట్లోనే ఉంచి వదిలెయ్యాల. తల తిరిగినట్టుంటే ఆపేసి కాస్త చక్కెర నోట్లో వేసుకోండి. సిగరెట్ మాదిరి నలిపి ఆర్పొద్దు, పక్కన పెడితే దానంతటదే ఆరిపోతాది. కొండకి పోయే రోజైతే జేబులు ఖాళీ చేసుకోండి, అలిపిరి చెకింగ్‌లో అగ్గిపెట్టె కూడా తీసేసుకుంటారు.