సొంతంగా చేసుకున్న ఎంపీ3 ప్లేయర్: వైజాగ్ ఉప్పుగాలిలో ఎలా నిలబడింది?

ఆట్‌మెగా328పి అనే మైక్రోకంట్రోలర్ (అన్నిటినీ నడిపే చిన్న కంప్యూటర్ చిప్), ఎంపీ3ని విప్పి శబ్దంగా మార్చే వీఎస్1053 చిప్, మైక్రోఎస్డీ కార్డు, చిన్న ఓఎల్ఈడీ తెర. వీటితో చేసుకున్న ప్లేయర్ ఏడాది దాటినా రోజూ నా జేబులోనే ఉంటోంది. గాజువాక బస్సులో, ఆర్కే బీచ్‌లో నడకకు వెళ్లినప్పుడు వినేది దీంట్లోనే. డబ్బు మిగులుతుందనుకుని మాత్రం మొదలుపెట్టకండి, రెడీమేడ్‌ది ఇంతకన్నా చవక.

సౌండ్‌కి వంక పెట్టలేను. ఆట్‌మెగాకు ఉన్న 2 కేబీ ర్యామ్‌తో ఎంపీ3ని విప్పడం కుదరదు. ఆ పనంతా ఫిన్లాండ్‌కు చెందిన వీఎల్ఎస్ఐ సొల్యూషన్ వారి వీఎస్1053 చేస్తుంది. ఇంకా డేటాకు చోటుందని అది డీరెక్ అనే పిన్‌తో చెప్పగానే 32 బైట్లు అందించడమే మైక్రోకంట్రోలర్ పని. 128 కేబీపీఎస్ పాటకు సెకనుకు 16 కేబీ చాలు, 8 మెగాహెర్ట్జ్ మీద కూడా ఎక్కడా తడబడదు. వాల్యూమ్ అర డెసిబెల్ చొప్పున మారుతుంది, రాత్రి పూట అదెంత సుఖమో!

తలనొప్పల్లా కరెంటు దగ్గరే. 3.3 వోల్టుల కోసం చాలామంది వేసే ఏఎంఎస్1117 రెగ్యులేటర్‌కి (వోల్టేజీని తగ్గించి నిలకడగా ఉంచే చిప్‌కి) లోపలికి ఇంకో వోల్టు దాకా ఎక్కువ కావాలి. నిండా ఛార్జయిన లిథియం సెల్ ఇచ్చేదే 4.2. ఇంకేముంది, బ్యాటరీ సగం ఉండగానే కార్డు మొరాయిస్తుంది. చాలా తక్కువ తేడాతోనే పనిచేసే ఎంసీపీ1700 రెగ్యులేటర్ వేసుకుంటే ఆ టెన్షన్ లేదు.

తర్వాత మన ఊరి గాలి. కార్డు సాకెట్ కాంటాక్టుల మీద సన్నగా పచ్చటి చిలుము పడుతుంది. పాట టక్కున ఆగిపోతుంది, కార్డు తీసి పెడితే మళ్లీ వస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన ఇయర్‌బడ్‌తో తుడుస్తూ ఉండాల్సిందే. బోర్డుకి వార్నిష్ పూయొచ్చు గానీ సాకెట్ లోపల పూయలేం కదా.

పాటల పేర్లు తెలుగులో కావాలంటే కాస్త ఓపిక ఉండాలి. తెర మీద అక్షరాలు చూపడానికి నేను వాడే లైబ్రరీకి (రెడీమేడ్ కోడ్‌కి) ఒత్తులు, గుణింతాలు కలపడం రాదు. అందుకని ప్రతి పేరునీ లాప్‌టాప్‌లో 128×16 పిక్సెళ్ల బొమ్మగా మార్చి ఎంపీ3 పక్కనే పెడతాను. ఒక్కోటి 256 బైట్లే. అదే తెర మొత్తం బొమ్మనీ ర్యామ్‌లో ఉంచే బఫర్ పెడితే సగం ర్యామ్ దానికే పోతుంది.

మా బావ కారులో ఆక్స్‌కి పెడదామంటాడు. నేనివ్వను. ఇందులో హెడ్‌ఫోన్ కామన్ వైరు గ్రౌండ్ కాదు, వీఎస్1053లోని జీబఫ్ అనే పిన్. దాన్ని గ్రౌండ్‌కు కలపకూడదు, కారు ఆక్స్‌కి పెడితే కలిసిపోతుంది. కెపాసిటర్లు పెట్టి వేరే లైన్ అవుట్ తీసేదాకా ఆయన రేడియోతో సర్దుకోవాల్సిందే.