ప్రభుత్వ రంగ సంస్థలో అక్రమ నియామకం: సొంత పేరుతో రిట్ మేలా, కో వారెంటో మేలా?

ప్రభుత్వ రంగ సంస్థలో అర్హుడిని కాదని అనర్హుడికి ఉద్యోగం ఇచ్చినప్పుడు, కోర్టుకు వెళ్లదలచినవారు వకీలును కలిసేలోపే ఒక విషయం తేల్చుకోవాలి. ఆ ఉద్యోగం తనకు కావాలా, లేక ఆ కుర్చీలో కూర్చున్నవారు దిగిపోతే చాలా? మొదటిదైతే సొంత పేరుతో వేసే రిట్ (ప్రభుత్వ చర్యను సవాలు చేస్తూ హైకోర్టులో వేసే పిటిషన్), రెండోదైతే కో వారెంటో అనే మరో రకం రిట్. వీటి మధ్య తేడా తెలియక ఏళ్లు పోగొట్టుకున్నవారిని చూశాను కనుకనే ఇంత పట్టుబట్టి చెబుతున్నాను.

కో వారెంటో అంటే 'ఏ అధికారంతో ఈ పదవిలో ఉన్నావు' అని నిలదీయడం. పిటిషనర్ స్వయంగా నష్టపోయి ఉండనక్కరలేదు, పౌరుడైతే చాలు. ఉద్యోగ వ్యవహారాలలో ప్రజాప్రయోజన వ్యాజ్యం చెల్లదని 1998లో దుర్యోధన్ సాహు కేసులో సుప్రీంకోర్టు చెప్పిన తరువాత, బయటివారికి మిగిలిన గట్టి దారి ఇదే. కేంద్ర విజిలెన్స్ కమిషనర్‌గా పి.జె. థామస్ నియామకాన్ని 2011 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టివేసినప్పుడు, ఆయనపై చర్యకు సిఫారసు చేసిన పాత ఫైళ్లను ఎంపిక సంఘం పరిగణనలోకి తీసుకోకపోవడమే ముఖ్య కారణమైంది. అయితే ఈ రిట్‌కు హద్దులున్నాయి. అది ప్రజాపదవి అయి ఉండాలి, నియామకం చట్టబద్ధ నిబంధనలకు విరుద్ధమని చూపాలి. కర్ణాటక నీటి సరఫరా బోర్డు ఎం.డి. నియామకంపై వచ్చిన సవాలు 2006లో సుప్రీంకోర్టులో నిలవలేదు. పైగా గెలిచినా ఆ కుర్చీ ఖాళీ అవుతుందే తప్ప మీకు దక్కదు.

అందువల్ల ఎంపికలో పాల్గొని అన్యాయానికి గురైన అభ్యర్థికి నా ఓటు సొంత రిట్‌కే. ప్రభుత్వ రంగ సంస్థ రాజ్యాంగం 12వ అధికరణం కింద 'రాజ్యం' కనుక, సమానత్వానికీ, ప్రభుత్వోద్యోగాల్లో సమాన అవకాశానికీ హామీ ఇచ్చే 14, 16 అధికరణాల ఉల్లంఘనను 226వ అధికరణం కింద హైకోర్టులో ప్రశ్నించవచ్చు. ఎంపిక మొదలయ్యాక మధ్యలో నిబంధనలు మార్చరాదని 2024 నవంబరులో తేజ్ ప్రకాశ్ పాఠక్ కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పిన మాట ఇక్కడ పెద్ద ఆయుధం. అయితే ఇంటర్వ్యూకు మౌనంగా హాజరై, ఫలితం ప్రతికూలంగా వచ్చాక పద్ధతినే తప్పుపడితే 1995 నాటి మదన్ లాల్ తీర్పు అడ్డు వస్తుంది; ఎంపికలో పాల్గొన్నంత మాత్రాన చట్టవిరుద్ధతను ఒప్పుకున్నట్టు కాదని 2019లో మీతా సహాయ్ కేసులో కోర్టు కొంత ఊరట ఇచ్చింది. ఎంపికైనవారిని, కనీసం వారిలో కొందరినైనా, ప్రతివాదులుగా చేర్చడం మరచిపోతే మంచి కేసు కూడా ఆ ఒక్క లోపంతోనే వీగిపోవచ్చు. గెలిచినా కోర్టు సాధారణంగా మళ్లీ పరిశీలించమంటుంది, నేరుగా నియామకపత్రం ఇప్పించడం అరుదు.

ఎక్కడ వేయాలన్న ప్రశ్నకు జవాబు క్లుప్తంగానే చెప్పవచ్చు. కేంద్ర సంస్థల్లో, క్యాట్ (కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్) పరిధిలోకి తెస్తూ ప్రభుత్వం నోటిఫై చేసిన వాటి కేసులు ముందుగా అక్కడికే వెళ్లాలి, అక్కడ ఓడితే హైకోర్టు ధర్మాసనానికి వెళ్లవచ్చని 1997లో ఎల్. చంద్రకుమార్ తీర్పు తేల్చింది. క్యాట్‌లో సాధారణ గడువు తుది ఉత్తర్వు నుంచి ఏడాది. నోటిఫై కాని సంస్థలకూ, ఆర్టీసీ వంటి రాష్ట్ర సంస్థలకూ నేరుగా హైకోర్టే దిక్కు. అక్కడ గడువు అంకె లేకపోయినా అకారణ జాప్యాన్ని న్యాయమూర్తి క్షమించరు.

ఏ దారి పట్టినా కేసును నిలబెట్టేది రికార్డు. పశ్చిమ బెంగాల్ పాఠశాల నియామకాలలో అసలు ఓఎంఆర్ పత్రాలు ధ్వంసమై, తప్పు చేసినవారినీ చేయనివారినీ వేరు చేయలేని స్థితిలో, 25 వేలకు పైగా నియామకాల రద్దును 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు సమర్థించింది. కష్టపడి ఉద్యోగం తెచ్చుకున్నవారు కూడా ఆ తీర్పుతో వీధిన పడ్డారు. కనుక ఫలితం వెలువడిన వెంటనే సమాచార హక్కు దరఖాస్తు పెట్టి, మీ జవాబుపత్రం, మార్కుల విభజన, ఎంపిక ప్రమాణాలు అడగండి. ముప్పై రోజుల గడువులో జవాబు రాకపోయినా చేతులు కట్టుకుని కూర్చోకండి. రిట్‌తోపాటే రికార్డులను భద్రపరచాలనీ, నియామకాలు తుది తీర్పుకు లోబడి ఉండాలనీ మధ్యంతర ఉత్తర్వు కోరండి.