మూత తీసే పరికరం కొంటున్నారా? చేతుల్లో పట్టు లేనివాళ్ళ కోసమైతే ఇది చదివాకే కొనండి

ఆవకాయ సీసా, తేనె సీసా, టానిక్ సీసా, ఏదైనా చిటికెలో వచ్చేస్తుందని బొమ్మ వేసి అమ్మే ఓపెనర్లు ఇంట్లో పెద్దవాళ్ళ కోసం కొనబోతుంటే ఒక్క నిమిషం ఆగండి. పట్టు తగ్గిన చేతులకని చెప్పి అమ్మేవాటిలో చాలావరకు పట్టు గట్టిగా ఉన్నవాళ్ళ చేతిలోనే పనిచేస్తాయి. డబ్బు పోవడం ఒక ఎత్తు. బొటనవేలి కీలు వాచిపోవడం, గాజు సీసా జారి పాదం మీద పడడం ఇంకో ఎత్తు. కీళ్ళవాతం ఉన్నవాళ్ళు, పక్షవాతం వచ్చి ఒక చెయ్యి సరిగ్గా ఆడనివాళ్ళు, మణికట్టు విరిగి కట్టు విప్పించుకున్నవాళ్ళు ఇలాంటివి కొని అటక మీద పడేయాల్సి వస్తోంది.

అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడయ్యేది పట్కారు రకం. రెండు పిడులు, మధ్యలో చిన్నవీ పెద్దవీ మూడు నాలుగు గుండ్రటి ఖాళీలు, వాటి లోపలి అంచున రబ్బరు పళ్ళు. దీన్ని మూతకు తొడిగి, పిడులు రెండూ దగ్గరకు నొక్కిపట్టి, ఆ నొక్కు సడలకుండా తిప్పాలి. చిక్కంతా ఆ నొక్కడంలోనే ఉంది. పిడి పొడవు వల్ల తిప్పే శ్రమ తగ్గేమాట నిజమే. 7 సెంటీమీటర్ల మూతకు మధ్య నుంచి అంచుదాకా మూడున్నర సెంటీమీటర్లు. అదే పిడిని మధ్య నుంచి పదిహేడున్నర సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే అయిదు రెట్లు కలిసొస్తుంది. అంచు దగ్గర 10 కిలోల బలం కావలసిన చోట 2 కిలోలు చాలు. కానీ పళ్ళు జారకుండా ఉండాలంటే పిడుల్ని పిండి పట్టాలి. ఆ పిండే బలమే లేనివాళ్ళకి ఈ లెక్కంతా అక్కరకు రాదు. పైగా బొటనవేలు ఒకవైపు, నాలుగు వేళ్ళు ఇంకోవైపు పెట్టి నొక్కుతున్నప్పుడు, బొటనవేలి కొనమీద 1 కిలో ఒత్తిడి పడితే దాని మొదట్లో, మణికట్టు పక్కనున్న కీలు మీద పది రెట్లకు పైగా పడుతుంది. వయసుతో ముందుగా అరిగే కీళ్ళలో అదొకటి. సీసా తెరుచుకున్నా ఆ రాత్రి చెయ్యి నిద్రపోనివ్వదు.

అందుకే కొనేముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ పరికరం నా చేతిని ఏం చేయమంటోంది? పిండమంటే వద్దు. వేళ్ళతో గిల్లి పట్టుకోమన్నా వద్దు. అరచేత్తో నొక్కి, మోచేతి నుంచి, భుజం నుంచి తిప్పితే చాలనేవి మాత్రమే పనికొస్తాయి.

బ్యాటరీ ఓపెనర్ సంగతి వేరు. బటన్ నొక్కితే దాని కింది చేతులు సీసాను, పై చేతులు మూతను పట్టుకుని, మోటారు మూతను తిప్పుతుంది. గాజు సీసా, నిటారు అంచున్న రేకు మూత అయితే చక్కగా పనిచేస్తుంది. ఒక చెయ్యే ఆడేవాళ్ళకి నిజంగా మేలు చేసే వస్తువు. అయితే మన వంటిళ్ళలో ఉన్నవన్నీ అలాంటి సీసాలు కావు. పచ్చళ్ళు, ఊరగాయ పేస్టులు, నెయ్యి చాలావరకు పలచటి ప్లాస్టిక్ డబ్బాల్లో వస్తున్నాయి. కింది చేతులు పట్టుకోగానే డబ్బా లోపలికి నొక్కుకుపోతుంది, పట్టు జారుతుంది, మోటారు తిరుగుతూనే ఉంటుంది. నలుచదరపు డబ్బా అయితే మొదలే పట్టదు. మూత వెడల్పు ఎంతవరకు పడుతుందో పెట్టె మీద సెంటీమీటర్లలో రాసి ఉండాలి; "అన్ని సైజులకూ" అని మాత్రమే రాసి ఉంటే తీసుకోకండి. సెల్స్ విషయంలోనూ జాగ్రత్త. గోడ గడియారంలో వేసే మామూలు పెన్సిల్ సెల్స్ ఇంత కరెంటు ఒక్కసారిగా ఇవ్వలేవు. సగంలో మోటారు ఆగి, సీసా ఓపెనర్లోనే ఇరుక్కుపోతుంది. ఆల్కలైన్ సెల్స్ వేయాలి. ఇరుక్కుంటే విడిపించే మార్గం ఉందో లేదో కొనేముందే అడగండి. బరువు కూడా చూడండి, పైకెత్తి మూత మీద పెట్టాల్సింది ఆ బలం లేని చెయ్యే కదా.

అల్మారా కింద బిగించేది మూడో రకం: ఇంగ్లీషు వి అక్షరం ఆకారంలో ఉక్కు పళ్ళుంటాయి, మూతను అందులోకి జరిపి, సీసాను రెండు చేతులతో చుట్టి తిప్పాలి. వేళ్ళతో పని లేదు. పట్టుకునేది సన్నటి మూతను కాదు, లావాటి సీసాను. అందుకే ఇది చాలామందికి సరిపడుతుంది. దీనితో వచ్చే ఇబ్బందంతా బిగించడంలోనే. రెండు వైపులా అంటుకునే టేపుతో గోడకో అల్మారాకో అతికించమనే రకం అస్సలు వద్దు. పోపు ఆవిరి, నూనె జిడ్డు పట్టిన చోట టేపు నిలవదు. ఊడిందంటే సీసాతో సహా కింద పడుతుంది. స్క్రూల రకమే తీసుకోండి. అదీ 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ అయితేనే, 15 మిల్లీమీటర్లు దాటని స్క్రూలతో. అంతకన్నా పొడుగైతే మొన పైకి వచ్చి, లోపల గిన్నె తీసేవాళ్ళ చేతికి గుచ్చుకుంటుంది. మన అపార్ట్‌మెంట్లలో మాడ్యులర్ కిచెన్ పేరుతో పెట్టేది చాలాసార్లు చెక్క పొట్టు అదిమి చేసిన పార్టికల్ బోర్డు. సింకు దగ్గర తడికి ఉబ్బి ఉంటే స్క్రూ పట్టదు. పాత ఇళ్ళలో కడప రాయి, గ్రానైట్ అరలుంటే అక్కడ ఇది కుదరదు. ఎత్తు మోచేతికీ ఛాతీకీ మధ్య ఉండాలి. భుజం పైకి ఎత్తి తిప్పాల్సిన చోట బిగిస్తే ప్రయోజనం లేదు.

ఇంకో మాట, ఏ ప్రకటనలోనూ చెప్పరు. మూతను తిప్పడం సగం పనే, సీసా తిరగకుండా ఆపడం మిగతా సగం. ఓపెనర్ ఎంత మంచిదైనా రెండో చెయ్యి సీసాను పట్టుకోలేకపోతే మూత రాదు. దీనికి ఖర్చు అక్కర్లేదు. చిన్న తువాలు తడిపి పిండి, నాలుగు మడతలు పెట్టి గట్టు మీద వేసి దానిమీద సీసా నిలబెట్టండి. లేదా సొరుగు కొంచెం తెరిచి, అందులో సీసా పెట్టి, తుంటితో సొరుగును నొక్కిపట్టండి.

అసలు చాలా మూతలకు పరికరమే అవసరం లేదు, ఎందుకు బిగిసిందో తెలిస్తే చాలు. కొత్త గాజు సీసా, రేకు మూత మధ్యలో చిన్న బొడిపె లోపలికి నొక్కుకుని ఉంటే అది గాలి లేక బిగిసింది: వేడిగా నింపి మూత వేశాక లోపలి ఆవిరి చల్లబడి గాలి ఒత్తిడి తగ్గుతుంది, బయటి గాలి మూతను నొక్కిపడుతుంది. దాన్ని తిప్పి లాభం లేదు. మొద్దుగా ఉన్న చెంచా కాడను మూత అంచుకూ గాజుకూ మధ్య దూర్చి, మూత అంచును బయటికి కొద్దిగా వంచండి. టప్పుమని శబ్దం వచ్చి బొడిపె పైకి లేస్తుంది. ఆ తర్వాత మూత చిన్నపిల్లల చేతికీ వచ్చేస్తుంది. కత్తి మొన మాత్రం వాడకండి. గాజు అంచు పెచ్చులేచి పచ్చట్లో పడితే కంటికి కనపడదు. మీరు తెరవకముందే బొడిపె పైకి ఉంటే ఆ సీసా తినడానికి పనికిరాదు, దుకాణంలో తిరిగి ఇచ్చేయండి.

వాడుతున్న సీసా బిగిసిందంటే కారణం మరల్లో ఉంటుంది. ఆవకాయ నూనె గాలికి ఆరి జిగురులా గట్టిపడుతుంది, దాంట్లో ఉప్పు పేరుకుంటుంది. తేనె, బెల్లం పాకం గడ్డకడతాయి. వేడినీళ్ళలో తడిపి పిండిన గుడ్డను మూత చుట్టూ ఒక నిమిషం ఉంచితే జిగురు మెత్తబడుతుంది, మూత లోపలి రబ్బరు పొర కూడా వదులవుతుంది. పట్టు లేని చేతులతో మరిగే నీళ్ళ గిన్నె ఎత్తడం ప్రమాదం, గుడ్డే మేలు. ఫ్రిజ్‌లోంచి తీసిన గాజు సీసా మీద వెంటనే వేడి పెడితే పగలవచ్చు. అరగంట బయట ఉంచండి. తర్వాత మూతకు జిడ్డు లేకుండా తుడిచి, సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, అరచేయి దానిమీద పరిచి భుజం బరువుతో తిప్పండి. పంక్చర్ షాపులో పాత ట్యూబు అడిగితే ఊరికే ఇస్తారు. పదిహేను సెంటీమీటర్ల ముక్క కోసి, నిలువునా చీల్చి, సబ్బుతో కడిగితే సరి. షాపులో దొరికే రంగురంగుల సిలికాన్ పట్టీ చేసే పని ఇంతే. వాడాక ప్రతిసారీ సీసా మెడను, మూత లోపలి భాగాన్ని పొడి గుడ్డతో తుడిచి పెడితే ఇంతదూరం రాదు.

స్టీలు డబ్బాలకు ఈ ఓపెనర్లేవీ పనికిరావు, వస్తాయని అమ్మితే నమ్మకండి. వేడి వేడి కూర పెట్టి మూత నొక్కేస్తే, చల్లారాక అదీ గాలి లేక పట్టేస్తుంది. డబ్బా అడుగు మునిగేలా గోరువెచ్చటి నీళ్ళలో రెండు మూడు నిమిషాలు పెట్టండి, లోపలి గాలి వేడెక్కి మూత పట్టు సడలుతుంది. మూత అంచును చెంచా కాడతో ఒకేచోట కాకుండా నాలుగు వైపులా కొంచెం కొంచెం లేపాలి, ఒకేచోట లేపితే వంకరపోయి మరీ బిగుస్తుంది. తీగ కొక్కెంతో మూసే గాజు జాడీలు చూడముచ్చటగా ఉంటాయి గానీ, ఆ తీగ తీయడానికి బొటనవేళ్ళే గట్టిగా కావాలి. నాలుగు వైపులా చెవులు నొక్కే ప్లాస్టిక్ డబ్బాలూ అంతే.

ప్యాకింగ్ సంగతి కూడా చెప్పాలి. ఈ ఓపెనర్లు తరచుగా అంచులు కాల్చి అతికించిన గట్టి ప్లాస్టిక్ పెంకులో వస్తాయి. చేత్తో చింపే ప్రయత్నం చేయకండి. పెద్ద కత్తెరతో అంచు నుంచి 1 సెంటీమీటరు లోపలగా మూడు వైపులా కత్తిరించండి. కోసిన అంచు బ్లేడులా ఉంటుంది. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళకి చిన్న గీతకే రక్తం త్వరగా ఆగదు. మాత్రల స్ట్రిప్పు కష్టమని అన్నీ ఒకేసారి విప్పి డబ్బాలో పోయకండి, కొన్ని మందులు తేమకు చెడిపోతాయి. ఆ రోజుకు కావలసినవి మాత్రం కత్తెరతో విప్పించి ఉంచుకోవాలి. గ్యాస్ సిలిండర్ సీలు, ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్ మూత తెచ్చిన అబ్బాయి చేతే తీయించుకోండి. అడగడానికి మొహమాటపడే పెద్దలు చాలామంది ఉన్నారు, పక్కనున్నవాళ్ళే చెప్పాలి.

ఇక కొనే చోటు. వీలైతే చేత్తో పట్టుకుని చూసే చోటే కొనండి. హైదరాబాద్‌లో అయితే బేగంబజార్ గిన్నెల దుకాణాలు, సికింద్రాబాద్ జనరల్ బజార్, జనవరిలో నాంపల్లి నుమాయిష్ ఎగ్జిబిషన్. ఎక్కడికెళ్ళినా మీ ఇంట్లో సతాయించే సీసాను సంచిలో పెట్టుకుని వెళ్ళండి. డెమో చూపించేవాళ్ళ దగ్గరుండే సీసా రోజుకు వందసార్లు తెరిచింది, అది ఎవరికైనా వస్తుంది. మీ సీసాను, మీ అమ్మగారి చేత్తో తెరిపించి చూడండి.

ఆన్‌లైన్‌లో తప్పదంటే, ఆర్డరు పెట్టేముందు "రిటర్న్" అని ఉందా, "రీప్లేస్‌మెంట్ మాత్రమే" అని ఉందా చూడండి. రెండోదైతే పనిచేయని వస్తువు బదులు పనిచేయని ఇంకో వస్తువు వస్తుంది. ప్రకటన పేజీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, "ఆర్థరైటిస్ ఉన్నవాళ్ళకు" అన్న మాట అందులో కనపడేలా. దిగుమతి చేసిన సరుకైతే ఏ దేశంలో తయారైందో, దిగుమతిదారు పేరు, చిరునామా, ఫిర్యాదు చేయాల్సిన ఫోన్ నంబరు పెట్టె మీద ఉండాలి. పార్సిల్ విప్పడం, మీ సీసా మీద పరీక్షించడం ఒకే వీడియోలో తీయండి.

పనిచేయకపోతే ఊరుకోవద్దు. ప్రకటనలో చెప్పిన గుణం వస్తువులో లేకపోతే అమ్మకందారు వెనక్కి తీసుకోనని అనడానికి వీల్లేదని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. ఆ సైటు ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. అలా జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడవచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 5 లక్షల లోపు వస్తువుకు ఫీజు లేదు. గడువు రెండేళ్ళు, అప్పటిదాకా ఆ వీడియో ఫోన్లోంచి తీసేయకండి.